ఆడవాళ్లకు హెల్త్ చెకప్: తరచుగా అడిగే ప్రశ్నలు

మామగారి షుగర్ ఎంతుందో, పిల్లాడికి ఏ టీకా ఎప్పుడు వేయించాలో చెప్పగలిగిన ఇల్లాలిని నీ బీపీ ఎంత అని అడిగితే చాలాసార్లు జవాబుండదు. "నాకేం, బాగానే ఉన్నానుగా" అంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉండే ఆడవాళ్లు చెకప్ గురించి మాటిమాటికీ అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు. ఇప్పటికే ఏదైనా జబ్బుకు మందులు వాడుతున్నవాళ్లు, గర్భిణులు మాత్రం తమ డాక్టర్ చెప్పినట్టే నడుచుకోవాలి.

ఏ బాధా లేనప్పుడు పరీక్షలు ఎందుకు?

బాధ మొదలయ్యేలోపే పట్టుకోగలిగిన జబ్బులు కొన్ని ఉన్నాయి కాబట్టి. బీపీ చాలామందిలో ఏ లక్షణమూ చూపించదు. షుగర్ ఏళ్ల తరబడి తెలియకుండానే ఉంటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఇంకా నెమ్మది. హెచ్‌పీవీ అనే వైరస్ లోపల తిష్ఠవేశాక అది క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఆ లోపల పరీక్ష చేస్తే క్యాన్సర్‌కు ముందస్తు మార్పులను చాలావరకు పట్టుకోవచ్చు. చాలామందికి కోత లేకుండా, అదే రోజు ఇంటికి వెళ్లిపోయే చిన్న చికిత్సతో వాటిని తీసేయవచ్చు.

మన పక్కనున్న మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లా పల్లెల్లో లక్షకు పైగా మహిళల మీద జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. 30 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లకు జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, తేడా ఉన్నవాళ్లకు చికిత్స ఇస్తే, ఆ తర్వాతి 8 ఏళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. మన పల్లెల్లాంటి పల్లెలే అవి. అందుకే ఈ ఒక్క పరీక్ష గురించి ఎన్నిసార్లయినా చెప్పాలనిపిస్తుంది.

అందరూ చేయించుకోవాల్సినవి ఏవి?

జాబితా చిన్నదే. బరువు, నడుము చుట్టుకొలత, బీపీ, హిమోగ్లోబిన్, షుగర్. 30 దాటాక వీటికి తోడు గర్భాశయ ముఖద్వారం, రొమ్ము, నోరు. జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు నిండిన ప్రతి మహిళకూ ప్రభుత్వం ఉచితంగా చూడాల్సిన వాటిలో బీపీ, షుగర్, ఈ మూడు క్యాన్సర్లు ఉన్నాయి. నడుము 80 సెంటీమీటర్లు దాటితే, బరువు మామూలుగానే ఉన్నా, షుగర్ పరీక్ష వాయిదా వేయకండి.

ఏ వయసులో ఏది మొదలుపెట్టాలి?

ఇరవైల్లో ముఖ్యమైనది హిమోగ్లోబిన్. బీపీ ఏడాదికోసారి చూపించుకుంటే చాలు. నెలసరి తప్పుతూ, బరువు పెరుగుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్ల తేడా), థైరాయిడ్ కోసం డాక్టర్‌ని కలవాలి. అలాంటివాళ్లు షుగర్ కూడా ఈ వయసులోనే చూసుకోవాలి.

30 దాటాక పైన చెప్పిన ఐదూ, దాంతోపాటు గర్భాశయ ముఖద్వారం, రొమ్ము, నోటి పరీక్షలు. నలభైల్లో మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) గురించి డాక్టర్‌తో మాట్లాడాలి, కొలెస్ట్రాల్ చూడాలి. కంటి పరీక్ష కూడా అప్పుడే. సూదిలో దారం ఎక్కకపోతే అది చత్వారం అని వదిలేస్తాం కానీ, గ్లకోమా అనే కంటి జబ్బు చూపు బాగా దెబ్బతినేదాకా తెలియదు. ముట్లు ఆగిపోయాక ఎముకల సంగతి చూసుకోవాలి. అమ్మకో, అక్కకో, పిన్నికో రొమ్ము క్యాన్సరో అండాశయ క్యాన్సరో వచ్చి ఉంటే ఈ వయసు లెక్కలు మీకు వర్తించవు. ఇంకా ముందే మొదలుపెట్టాలి.

నీరసం మామూలే కదా? దానికి కూడా పరీక్షా?

మామూలు అనుకోవడమే ఇక్కడ ప్రమాదం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సగం కంటే ఎక్కువే. చుట్టూ అందరూ అలాగే ఉంటే నీరసం కూడా ఆడజన్మలో భాగమే అనిపిస్తుంది.

గర్భిణి కాని మహిళకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. గర్భిణికి 11. మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, జుట్టు రాలడం, గోళ్లు పలచబడి వంగిపోవడం, బలపమో మట్టో పచ్చి బియ్యమో తినాలనిపించడం, ఇవన్నీ దాని గుర్తులే. పచ్చి బియ్యం నమిలే పిల్లని తిట్టి ఊరుకోకుండా ఒకసారి రక్తం పరీక్ష చేయించండి.

తక్కువ ఉందని తేలితే ఐరన్ మాత్ర ఇస్తారు. దాన్ని ఎలా వేసుకుంటున్నాం అన్నదాని మీదే ఫలితం ఉంటుంది. టీ, కాఫీతో అసలు వద్దు. ముందూ వెనకా కనీసం గంట ఎడం ఉండాలి. కాల్షియం మాత్రతో కలిపి మింగితే రెండూ సరిగ్గా పనిచేయవు. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి పెట్టుకోండి. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. విరేచనం నల్లగా అవుతుంది, భయపడొద్దు. కడుపులో తిప్పితే మానేయకుండా అన్నం తిన్నాక వేసుకోండి. నెల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే అంకె పెరగడం కనిపించాలి. అంకె 12కి చేరగానే ఆపేస్తే కొన్ని నెలలకే మళ్లీ మొదటికొస్తుంది. డాక్టర్లు ఆ తర్వాత ఇంకో మూడు నెలలు వాడమనేది ఒంట్లో ఐరన్ నిల్వలు నిండడానికి.

మాత్రలు సరిగ్గా వాడినా పెరగకపోతే కారణం వేరే ఉంది. నెలసరిలో గంట, రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోవడం, గడ్డలు పడడం, ఏడు రోజులు దాటి అవడం ఉంటే ముందు దానికి వైద్యం కావాలి. నులిపురుగులు, మొలల నుంచి పోయే రక్తం, బి12 లోపం కూడా చూస్తారు. ఏజెన్సీ ప్రాంతాల వాళ్లు సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) పరీక్ష తప్పకుండా అడగాలి.

షుగర్‌కి ఏ పరీక్ష మంచిది?

పరగడుపున 126, అంతకంటే ఎక్కువ ఉంటే షుగర్ కింద లెక్క. 100 నుంచి 125 మధ్య ఉంటే హెచ్చరిక. హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) అయితే 6.5 హద్దు, 5.7 నుంచి 6.4 హెచ్చరిక. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని నిర్ధారించరు, ఇంకోసారి చూస్తారు.

ల్యాబ్‌లో ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. ఐరన్ లోపంతో వచ్చిన రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. సికిల్ సెల్ లాంటివి ఉంటే తక్కువ చూపించవచ్చు. మన దగ్గర సగం మంది ఆడవాళ్లకు రక్తం తక్కువ కాబట్టి, ఆ ఒక్క అంకె చూసి టెన్షన్ పడేముందు హిమోగ్లోబిన్ కూడా పక్కన పెట్టి చూడమని డాక్టర్‌ని అడగండి.

కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి, కాన్పు కాగానే పోయింది. ఇక భయం లేనట్టేనా?

పోయిందని ఊరుకోకూడదు. కాన్పయిన ఆరు వారాలకు గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష ఒకటి ఉంది. బాలింతకు ఆ సమయంలో ఊపిరాడదు, బిడ్డ టీకాకి వెళ్తారు కానీ తన పరీక్ష మర్చిపోతారు. అదే రోజు రెండూ చేయించుకురండి. ఆ తర్వాత ఏడాదికోసారి షుగర్ చూసుకోవాలి, ఎందుకంటే ఇలాంటివాళ్లకు ముందుముందు షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగినవాళ్లకూ ఇంతే. బీపీ, గుండె జబ్బుల ముప్పు తర్వాత కూడా ఉంటుంది. మీ కాన్పు కాగితాలు పారేయకండి.

బీపీ ఆసుపత్రిలో ఎక్కువ, ఇంట్లో తక్కువ వస్తోంది. ఏది నిజం?

ఎలా చూశారన్నది ముఖ్యం. బస్సు దిగి, క్యూలో నిలబడి, కూర్చోగానే పట్టీ కట్టేస్తే ఎక్కువే వస్తుంది. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. అరగంట ముందు వరకు కాఫీ తాగకూడదు. ఇలా చూసినా వేర్వేరు రోజుల్లో 140/90 దాటుతుంటే అది బీపీయే. ఇంట్లో మిషన్ ఉంటే వారం పాటు పొద్దునా సాయంత్రం చూసి కాగితం మీద రాసుకెళ్లండి, డాక్టర్‌కి అదే ఎక్కువ ఉపయోగం.

పాప్ స్మియర్, వీఐఏ, హెచ్‌పీవీ పరీక్షల్లో తేడా ఏంటి? నొప్పి ఉంటుందా?

మూడూ గర్భాశయ ముఖద్వారం కోసమే. బల్ల మీద పడుకోబెట్టి, స్పెక్యులం అనే పరికరంతో యోనిని కొంచెం తెరిచి చూస్తారు. చల్లగా, ఒత్తినట్టు అనిపిస్తుంది. మొత్తం ఐదు నిమిషాల పని. ఒళ్లు బిగబడితేనే ఇబ్బంది ఎక్కువ. నోటితో నెమ్మదిగా గాలి వదులుతుంటే తేలికవుతుంది. నొప్పి అనిపిస్తే "ఆగండి" అని చెప్పే హక్కు మీకుంది.

పాప్ స్మియర్‌లో చిన్న బ్రష్‌తో కణాలు తీసి ల్యాబ్‌కి పంపుతారు. మూడేళ్లకోసారి చాలు. హెచ్‌పీవీ పరీక్షలో అదే చోట నుంచి తీసిన నమూనాలో వైరస్ ఉందా అని చూస్తారు. మూడింటిలో బాగా పట్టేది ఇదే. 30 ఏళ్ల నుంచి ఐదు నుంచి పదేళ్లకోసారి చేయించుకుంటే సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఖర్చు మాత్రం ఎక్కువ.

వీఐఏకి ల్యాబే అక్కర్లేదు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్‌నే పలచగా కలిపి దూదితో ముఖద్వారానికి అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. మార్పులున్న చోట తెల్లటి మచ్చ తేలుతుంది. శిక్షణ ఉన్న నర్సు చేయగలదు, ఫలితం అక్కడికక్కడే. మన పీహెచ్‌సీల్లో ఎక్కువగా చేసేది ఇదే, ఐదేళ్లకోసారి. ముంబై బస్తీల్లో ఆరోగ్య కార్యకర్తలే ఈ పరీక్ష చేసినా ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. కాబట్టి పీహెచ్‌సీలో చేసేది చవక పరీక్ష అని తీసిపారేయొద్దు. హెచ్‌పీవీ పరీక్ష డబ్బులు పోగయ్యేదాకా ఆగేకంటే ఈ వారమే వీఐఏకి వెళ్లడం మేలు.

పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి కలయిక, లోపల పెట్టే మందులు వద్దు. నెలసరి రోజుల్లో వెళ్లకండి. పెళ్లికాని, కలయిక అనుభవం లేని అమ్మాయిలకు ఈ పరీక్ష అవసరం లేదు.

హెచ్‌పీవీ పాజిటివ్ అని వచ్చింది. ఆయన ఎక్కడో తిరిగారనా?

కాదు. ఈ ప్రశ్న వల్ల సంసారాలు కూలిపోకూడదు కాబట్టి గట్టిగా చెబుతున్నాం. కలయిక అనుభవం ఉన్న స్త్రీపురుషుల్లో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. అది ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉండిపోగలదు. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. చాలామందిలో రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కూడా కాదు. కాల్పోస్కోపీ అనే భూతద్దం పరీక్షకు రమ్మంటారు, తప్పకుండా వెళ్లాలి. రిపోర్టు తెచ్చుకుని భయంతో బీరువాలో దాచేసినవాళ్లకు ఆ పరీక్ష చేయించుకున్న ఫలం దక్కదు.

మా అమ్మాయికి హెచ్‌పీవీ టీకా వేయించమంటున్నారు. మంచిదేనా?

మంచిదే. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేస్తే బాగా పనిచేస్తుంది, ఆ వయసులో ఒక డోసు లేదా ఆరు నెలల ఎడంతో రెండు డోసులు. 15 దాటితే మూడు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణమైన 16, 18 రకాల వైరస్‌ల నుంచి కాపాడుతుంది. మన దేశంలో తయారైన సెర్వావ్యాక్ 2023లో మార్కెట్లోకి వచ్చింది. సంతానం కలగదన్న ప్రచారంలో నిజం లేదు. టీకా వేయించుకున్న పిల్ల కూడా పెద్దయ్యాక పరీక్ష చేయించుకోవాలి.

తెల్లబట్ట అవుతోంది, స్కానింగ్‌లో గడ్డ ఉంది, గర్భసంచి తీయించుకోకపోతే క్యాన్సర్ అవుతుందన్నారు. ఏం చేయాలి?

సంతకం పెట్టకుండా ఇంటికి రండి. ఇంకో డాక్టర్‌ని కలవండి.

పిల్లలు పుట్టేశారు కదా, ఇక దాంతో పనేముంది అంటూ ముప్పై, ముప్పై ఐదేళ్లకే గర్భసంచి తీసేయడం మన రెండు రాష్ట్రాల్లో దేశంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. తెల్లబట్ట చాలావరకు ఇన్ఫెక్షన్. మందులతో తగ్గుతుంది. గర్భసంచిలో వచ్చే ఫైబ్రాయిడ్ గడ్డలు చాలా సాధారణం, అవి క్యాన్సర్‌గా మారడం బహు అరుదు. ఇబ్బంది పెట్టని గడ్డను కనిపెట్టుకుని ఉంటే చాలు, ముట్లు ఆగాక చాలావరకు కుంచించుకుపోతుంది. ఎక్కువ బ్లీడింగ్‌కి మాత్రలున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది.

ఆపరేషన్ నిజంగా కావాల్సినవాళ్లూ ఉన్నారు. కానీ వయసులో ఉండగా గర్భసంచి తీస్తే, అండాశయాలు ఉంచినా, అవి తొందరగా పనిచేయడం మానేయవచ్చు. వాటినీ తీసేస్తే మర్నాటి నుంచే ఒంట్లో ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు. నాట్లకూ కోతలకూ వంగే ఒంటికి అది చిన్న విషయం కాదు. అనవసరంగా గర్భసంచి తీయకుండా కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మందులతో ప్రయత్నించారా, అండాశయాలు ఉంచుతారా, ఆగితే ఏమవుతుంది? ఈ మూడూ అడగండి. విసుక్కుంటే అదే జవాబు అనుకోండి.

గర్భసంచి తీయించేసుకున్నాను. ఇక పరీక్షలేమీ అక్కర్లేదు కదా?

ముఖద్వారంతో సహా తీసేశారా అన్నది డిశ్చార్జ్ కాగితంలో చూడండి. తీసేస్తే, క్యాన్సర్ లేదా ముందస్తు మార్పుల కోసం చేసిన ఆపరేషన్ కాకపోతే, పాప్ స్మియర్ అక్కర్లేదు. ముఖద్వారం ఉంచితే అందరిలాగే చేయించుకోవాలి. రొమ్ము, షుగర్, బీపీ ఎలాగూ తప్పవు. 45 లోపు అండాశయాలు పోయినవాళ్లు ఎముకల పరీక్ష గురించి ఇప్పుడే అడగాలి.

రొమ్ములో గడ్డ ఉందో లేదో నాకెలా తెలుస్తుంది?

మీ ఒళ్లు మీకు మామూలుగా ఎలా ఉంటుందో తెలిసి ఉంటే, తేడా తెలుస్తుంది. నెలసరి అయిపోయిన కొద్ది రోజులకు, స్నానం చేసేటప్పుడు సబ్బు చేతి వేళ్ల మెత్తలతో చంక దాకా తడిమి చూసుకోండి. తర్వాత అద్దం ముందు చేతులు పైకెత్తి చూడండి. చర్మం లోపలికి గుంజుకుపోవడం, చనుమొన కొత్తగా లోపలికి తిరగడం, రక్తంలాంటి స్రావం, కమలా తొక్కలా గరుకుగా అవడం ఉంటే వెంటనే చూపించాలి. నొప్పి లేదు కదా అని ఆగొద్దు, క్యాన్సర్ గడ్డకు మొదట్లో చాలావరకు నొప్పి ఉండదు. గడ్డలన్నీ క్యాన్సర్లు కావు, చాలావరకు కావు కూడా.

30 నుంచి ఐదేళ్లకోసారి నర్సో డాక్టరో చేత్తో పరీక్షిస్తారు. మామోగ్రామ్ 40 తర్వాత. చిన్న వయసులో రొమ్ము కణజాలం చిక్కగా ఉండి అందులో సరిగా కనిపించదు, అందుకే వాళ్లకు అల్ట్రాసౌండ్ రాస్తారు. మామోగ్రామ్ రోజు చంకల్లో పౌడర్, స్ప్రే వద్దు. రెండు పలకల మధ్య కొన్ని క్షణాలు గట్టిగా నొక్కుతారు, అంతే.

నోటి పరీక్ష మగవాళ్లకు కదా?

ఉత్తరాంధ్రలో శ్రీకాకుళం, విశాఖ వైపు పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఉంది. చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఆ వేడికీ పొగకూ అంగిలి మీద తెల్ల మచ్చలు, పుళ్లు, క్యాన్సర్ వస్తాయి. పొగాకు నమిలేవాళ్లకూ, ఖైనీ, గుట్కా అలవాటున్నవాళ్లకూ ముప్పే. మీ అమ్మమ్మకో నానమ్మకో ఈ అలవాటుంటే టార్చి వేసి అంగిలి, నాలుక కింద, బుగ్గల లోపల చూడండి. రెండు వారాలకు మానని పుండు, ఎర్ర మచ్చ, తెల్ల మచ్చ ఉంటే డెంటిస్టుకైనా చూపించండి.

ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ తీసుకోవచ్చా?

"80 పరీక్షలు 999కే" అనే ప్యాకేజీల్లో ఆ 80లో సగం ఒకే రక్తం గొట్టం నుంచి వచ్చే చిన్న చిన్న అంకెలు. బీపీ అందులో ఉండదు, గర్భాశయ ముఖద్వార పరీక్ష ఉండదు, రొమ్ము ఎవరూ ముట్టుకుని చూడరు. ఆడవాళ్లకు ముఖ్యమైనవి వదిలేసి ఆడవాళ్ల ప్యాకేజీ అనడం సరికాదు.

సీఏ-125 లాంటి ట్యూమర్ మార్కర్లు (క్యాన్సర్ ఆనవాలు వెతికే రక్త పరీక్షలు) చేర్చితే వద్దనండి. నెలసరిలో, ఎండోమెట్రియోసిస్‌లో (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు), ఫైబ్రాయిడ్లున్నా అది పెరుగుతుంది. ఏ లక్షణమూ లేనివాళ్లకు ఆ పరీక్ష ప్రాణాలు కాపాడినట్టు తేలలేదు, కానీ అనవసర ఆపరేషన్లు చేయించింది. లక్షణాల్లేకుండా పొత్తికడుపు స్కానింగ్ కూడా అంతే. పైన చెప్పిన గర్భసంచి కథ చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. థైరాయిడ్ టీఎస్‌హెచ్ లక్షణాలున్నా, గర్భం కోసం చూస్తున్నా, ఇంట్లో ఎవరికైనా ఉన్నా చేయించండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, థైరాయిడ్ అంకెలు తారుమారవుతాయి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం వాళ్లు, బీపీ షుగర్ ఉన్నవాళ్లు క్రియాటినిన్ అనే కిడ్నీ పరీక్ష మానకూడదు.

డబ్బుల్లేకుండా ఎక్కడ చేయించుకోవచ్చు?

ఊళ్లో ఏఎన్ఎం అక్కనో ఆశా కార్యకర్తనో అడగడమే మొదటి మెట్టు. సబ్ సెంటర్‌లో బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ చూస్తారు. తెలంగాణలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలైంది, మంగళవారాల్లో ఆడవాళ్లకే ప్రత్యేకంగా చూసే ఏర్పాటు అది. మీ దగ్గరి పీహెచ్‌సీలో ఇప్పుడు ఏ రోజు చూస్తున్నారో కనుక్కుని వెళ్లండి. అక్కడ తీసిన రక్తం తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌కి వెళ్తుంది, రూపాయి కట్టక్కర్లేదు. క్యాన్సర్ అని తేలితే ఆరోగ్యశ్రీ లాంటి పథకాల్లో చికిత్స ఉంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రులున్నాయి. ప్రైవేటులో చేయించుకుంటే, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు ఆదాయపు పన్ను మినహాయింపు కింద చెకప్ ఖర్చు 5,000 రూపాయల దాకా చూపించుకోవచ్చు.

మగ డాక్టర్ ఉంటే ఎలా? సిగ్గుగా ఉంటుంది.

లేడీ డాక్టర్ ఎప్పుడుంటారో ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. లేకపోతే పరీక్ష సమయంలో నర్సు గదిలో ఉండాలని అడగండి, అది మీ హక్కు. వదిననో స్నేహితురాలినో తోడు తీసుకెళ్లండి. ఇద్దరూ ఒకేసారి చేయించుకుంటే ఇంకా మంచిది.

చెకప్ దాకా ఆగకుండా వెంటనే వెళ్లాల్సినవి ఏవి?

ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, అది వేడి చేసి కాదు, వెంటనే చూపించాలి. కలయిక తర్వాత రక్తం, దుర్వాసనతో నీళ్లలాంటి తెల్లబట్ట, రొమ్ములో కొత్త గడ్డ, కారణం లేకుండా బరువు తగ్గడం, వారాల తరబడి కడుపు ఉబ్బరం కూడా అంతే. నడిస్తే ఛాతీలో పట్టేసినట్టుండి, చెమటలు పోసి, దవడకో వీపుకో నొప్పి పాకితే గ్యాస్ అనుకోకుండా 108కి ఫోన్ చేయాలి. ఆడవాళ్లలో గుండెపోటు ఒక్కోసారి ఛాతీ నొప్పి లేకుండా ఒట్టి ఆయాసంగా, వాంతిగా కూడా వస్తుంది. రోజుల తరబడి నిద్ర పట్టక, ఏడుపు ఆగక, బతకాలనిపించకపోతే 14416కి చేయండి. టెలీ మానస్ అనే ఆ ఉచిత నంబర్‌లో తెలుగులోనే మాట్లాడతారు.